సమస్య: కాలు లేనివాఁడె గంతు నేర్పె

సంచాలకుడు: సికింద్రాబాద్ జింఖానా మైదానంలో నాలుగు దశాబ్దాలుగా మా బస్తీ పిల్లలకు లాంగ్‌జంప్ నేర్పిన గురువుగారికి ఆదివారం సన్మానం. ఇసుక గుంట పక్కన ఆయన చేతికర్ర చూడగానే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా సభలో చదవదగిన పూరణ కావాలి.

మూసీతీరం:
గోపిచందుఁ జూడు కుంగక నిలిచి తా
బ్రిటిషు గడ్డ మీఁద విజయ మంది
కోఁత లెన్నొ పడియు గురువయ్యె నిపుడు, మో
కాలు లేనివాఁడె గంతు నేర్పె.

ఏటిగట్టు: 'మో' అన్న ఒక్క అక్షరంతో సమస్య విడిపోయింది. బాగుంది. కానీ చరిత్ర తిరగబడింది. బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్ మోకాలు దెబ్బతిన్నది 1994లో, ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచింది 2001లో. మీ పద్యంలో గెలిచాక కోతలు పడ్డట్టుంది. అన్ని శస్త్రచికిత్సల తరువాత గెలవడంలోనే కదా ఆయన గొప్ప! పైగా గోపీచంద్‌ను గోపిచందు చేశారు.

మూసీతీరం: గోపీ అంటే రెండు గురువులు (దీర్ఘాక్షరాలు), గురువు తరువాత లఘువో, మూడు లఘువులో ఉండాల్సిన సూర్యగణంలో ఎలా ఇముడుతాయి? చరిత్ర సంగతి మీరు చెప్పడం ఆశ్చర్యం. భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు రహీం గారి మీద మీ పాత పూరణలో మెల్‌బోర్న్‌లో పతకం తెచ్చారని రాశారు. 1956 ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. పసిడి వచ్చింది 1962లో, జకార్తా ఆసియా క్రీడల్లో. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాదే పోయారు. ఆ తప్పు మీరు ఇంతవరకు దిద్దలేదు.

ఏటిగట్టు: తప్పే. ఈ రాత్రికే దిద్దుతాను. మీరు మాత్రం 'మంది' తీసి 'మందెఁ' పెట్టండి. 'విజయ మందెఁ / గోఁత లెన్నొ పడియు' అంటే కోతలు పడినా గెలిచాడనే అర్థం వస్తుంది. యతికీ, అంటే పాదం మొదటి అక్షరపు మైత్రికీ, ఇబ్బంది లేదు.

మూసీతీరం: ఒక్క అక్షరంతో సరిపోయింది! మార్చాను, ధన్యవాదాలు.

చేమంతి: గోపీచంద్‌కు నేర్పిన ఆరిఫ్ గారికి 2000లో ద్రోణాచార్య పురస్కారం, గోపీచంద్‌కు 2009లో. ఆ శిష్యుడి శిష్యురాళ్లు సైనా లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, సింధు రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు. అయినా ఆదివారం సభ మైదానం గురువుగారిది కదా, ఆయన మీదే రాశాను:

పూటపూట వచ్చి పొలుపార మైదాన
మందు బస్తి పిల్ల మనసు నెఱిఁగి
బిడియ మేల యనుచుఁ బేరున కైన సుం
కాలు లేనివాఁడె గంతు నేర్పె.

మూసీతీరం: 'సుం' దగ్గర విరుస్తారని ఊహించలేదు! నా 'మో' చిన్నబోయింది. అయితే సుంకం సరుకు మీద వేసేది. గురువుకు ఇచ్చేది రుసుము, కాకుంటే దక్షిణ.

చేమంతి: మా అమ్మ నాలుగిళ్లలో పనిచేసి మమ్మల్ని పెంచింది. వేరే శిబిరాల వాళ్లు అడిగిన డబ్బు ఆమెకు సుంకంలాగే ఉండేది. ఈయన ఒక్క రూపాయి అడగలేదు. నా మొదటి బూట్లు కూడా ఆయనే కొన్నారు.

ఏటిగట్టు: అయితే సుంకాలే ఉండాలి. 'పొలుపార' మాత్రం గణం కోసం వచ్చి కూర్చున్న మాట. ఆయన వచ్చే వేళకు మైదానం ఎలా ఉండేదమ్మా?

చేమంతి: చలికాలం ఐదున్నరకు ఇసుక గుంట కూడా కనిపించేది కాదు. ఆయన ఈల వినిపించిన వైపు పరుగెత్తేవాళ్లం.

ఏటిగట్టు: 'పూటపూట వచ్చి పొగమంచు మైదాన.' యతి కుదిరింది, గణమూ కుదిరింది.

సంచాలకుడు: సభలో ఇదే చదువుతున్నాం. చేమంతి గారూ, మీరే వచ్చి చదవండి. గురువుగారికి ఈమధ్య వినికిడి తగ్గింది, కాస్త దగ్గరగా నిలబడండి.