తమ్ముడి తాగుడు, మా ఇంటి మాటలు: దేనివల్ల ఏది?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

మా తమ్ముడికి 38 ఏళ్లు. రెండు బోర్లూ ఎండిపోయి, బత్తాయి చెట్లు కళ్లముందే మోడులయ్యాక సెంట్రింగు పనికి వెళ్తున్నాడు. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయని క్వార్టర్ తాగితే గానీ ఇంట్లోంచి కదలడం లేదు. మా నాయన నలుగురిలో వాణ్ని "ఎందుకూ పనికిరానివాడు" అంటారు. సరుకులకు పంపితే, తిరిగి వచ్చాక పిల్లల ముందే జేబులు తడిమి చిల్లర లెక్క చూస్తారు. ఆ కాసేపూ వాడు నోరు మెదపకుండా గోడ వైపు చూస్తూ నిలబడతాడు. ఆ మాటల వల్లే తాగుతున్నాడని మరదలు అంటుంది, తాగడం వల్లే ఆ మాటలు పడుతున్నాడని నాయన అంటారు. ఎవరు చెప్పేది నిజం? అమ్మ మాత్రం ఎవరో చెప్పిన పొడి తెప్పించి, వాడికి తెలియకుండా పప్పులో కలుపుదామంటోంది.

జవాబు (నల్లగొండ నుంచి, మానసిక వైద్య విభాగంలో నర్సును)

అక్కా, ముందు ఆ పొడిని ఆపించండి. తాగుడు మాన్పించడానికి వైద్యులు రాసే డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇస్తారు. పేరు కూడా తెలియని పొడిలో ఏముందో ఎవరికి తెలుసు? పైగా సంగతి బయటపడిన రోజున అతనికి ఇంటి అన్నం మీద కూడా నమ్మకం పోతుంది.

పొద్దున వణుకు ఉందంటే ఒళ్లు మద్యానికి అలవాటుపడిపోయిందని అర్థం. పంతానికి ఒక్కసారిగా మాన్పిస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పి ఏవేవో కనిపించడం వంటివి రావచ్చు కాబట్టి, వైద్యుల కనుసన్నల్లోనే మాన్పించాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ ప్రశ్నకు వస్తే, ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అమెరికాలో తొమ్మిదిన్నర వేల మంది పెద్దవాళ్లపై చేసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్ననాట దెబ్బలు, తిట్లు, ఇంట్లో తాగుడు వంటి చేదు అనుభవాలు నాలుగు లేదా అంతకు మించి ఉన్నవారికి మద్యపాన వ్యసనం ముప్పు, అవేవీ లేనివారితో పోలిస్తే కనీసం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. వంశం నుంచి వచ్చేది కూడా దాదాపు సగం ఉంటుంది. కాబట్టి తప్పంతా నాయన నోటిదనడం న్యాయం కాదు. అయితే తనను తాను చులకన చేసుకునే మనిషి సాయం అడగడు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మా వార్డుకు ఆలస్యంగా వచ్చేవారిని ఆపినది దూరం కన్నా సిగ్గే ఎక్కువని నాకనిపిస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

నేను మానేసి ఆరేళ్లయింది. నాది కల్తీ కల్లు. మా దగ్గర అందులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. 2015లో అధికారులు ఆ కల్తీని అడ్డుకున్నప్పుడు తాగేవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు.

తిట్లు నన్ను అంతగా బాధించలేదు. చెల్లె పెళ్లి మాటలు జరుగుతుండగా నేను గడపలో అడుగుపెడితే అందరూ మాట మార్చేవారు. ఆ నిశ్శబ్దం భరించలేక వెనక్కి తిరిగి కల్లు కంపౌండుకే పోయేవాణ్ని. ఆసుపత్రి నుంచి వచ్చిన పదిహేడో రోజున మా నాయన ఏమీ అనకుండా బోరు స్టార్టరు డబ్బా తాళంచెవి నా చేతిలో పెట్టి, "రాత్రి కరెంటు వస్తే నువ్వే చూసుకో" అన్నారు. ఆ రాత్రి రెండింటికి పొలంలో మోటరు వేసి, నీళ్లు పైపులోంచి దూకుతుంటే ఒక్కణ్నే కూర్చొని ఏడ్చాను. తర్వాత రెండుసార్లు మళ్లీ జారాను. ఆ రెండుసార్లూ ఆయన తాళంచెవి వెనక్కి తీసుకోలేదు.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

అన్న చెప్పింది మనసును తాకింది, కానీ గౌరవించడం వేరు, కప్పిపుచ్చడం వేరు. నేను తొమ్మిదేళ్లు మా ఆయన బెల్టు షాపు బాకీలు తీర్చాను, జ్వరమొచ్చిందని మేస్త్రీకి అబద్ధాలు చెప్పాను, చివరికి నా ముఖం అద్దంలో చూసుకోవడం కూడా మానేశాను. ఇంట్లో ఒకరు తాగితే, తాగనివారి ఆత్మగౌరవం కూడా అరిగిపోతుంది. బాకీ కట్టనని, అబద్ధమాడనని, తాగని పూట మాత్రం పక్కన కూర్చొని కలిసి తింటానని చెప్పి, ఆ మాట మీదే నిలబడ్డాక ఆయన ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నారు. దానికి ఏడాదిన్నర పట్టింది. చెయ్యి చేసుకునే ఇంట్లో మాత్రం ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి. మీ మరదలిని ఎవరైనా "నువ్వెలా ఉన్నావు" అని అడిగారా?

ప్రశ్న అడిగిన నేను, మళ్లీ

అడగలేదమ్మా. నిన్న రాత్రి అడిగాను, చాలాసేపు మాట్లాడింది. పొడిని అమ్మ పారబోసింది. మీ జవాబులన్నీ నాయనకు చదివి వినిపించాను. ఆయన ఒక్క మాటా అనలేదు గానీ, ఈరోజు తమ్ముడు ఉప్పు, నూనె తెచ్చి చిల్లర గూట్లో పెడితే అటువైపు చూడలేదు. సోమవారం నల్లగొండ ఆసుపత్రికి వాడితో నేను వెళ్తున్నాను. నాయన కూడా వస్తానన్నారు.