హరిత వృద్ధి ప్రణాళికలో మహిళల సమయాన్ని ఏ పద్దులో చూపాలి?

అభివృద్ధి చెందుతున్న దేశాల జాతీయ హరిత వృద్ధి (పర్యావరణానికి హాని తగ్గిస్తూ సాధించే ఆర్థికాభివృద్ధి) ప్రణాళికలను స్త్రీ పురుష సమానత్వ కోణం నుంచి పరిశీలిస్తూ ఒక అధ్యయన పత్రం రాస్తున్నాను. ఒకచోట ముందుకు సాగలేకపోతున్నాను కనుక ఈ రంగంలో పనిచేసినవారి సాయం కోరుతున్నాను.

ఇథియోపియా 2011లో ప్రకటించిన హరిత ఆర్థిక వ్యూహంలో, తక్కువ కట్టెలతో వంట పూర్తయ్యే మెరుగైన పొయ్యిలకు పెద్దపీట వేశారు. వాటివల్ల ఉద్గారాలు ఎంత తగ్గుతాయో లెక్కగట్టే పద్ధతులు ఉన్నాయి. అయితే కట్టెల మోపు మోసుకుని నడిచే స్త్రీకి రోజుకు ఎంత సమయం మిగులుతుంది, ఆ సమయం ఆమెకే దక్కుతుందా లేక జీతంలేని మరో ఇంటిపనిలో కలిసిపోతుందా అన్నది ప్రణాళికలో ఎక్కడ నమోదు చేయాలి? నా అసలు ప్రశ్న ఇదే. సమయ వినియోగ సర్వేలు లేని దేశాల్లో మీరు దేన్ని ఆధారంగా తీసుకున్నారు?

రువాండాకు 2011 నుంచి హరిత వృద్ధి వ్యూహం ఉంది. అక్కడి ప్రభుత్వ సంస్థలు బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ నివేదికనూ (ఖర్చు స్త్రీ పురుషులకు ఎలా చేరుతుందో చూపే పత్రం) సమర్పించాలని 2013 నాటి చట్టం నిర్దేశించింది. ఇలా హరిత వ్యూహాన్ని, జెండర్ బడ్జెట్ నివేదికను ఒకే వ్యయ పద్దులో అనుసంధానించిన అనుభవం ఎవరికైనా ఉందా?

మరొక్క విషయం. సౌర పంపుసెట్టు రాయితీ దరఖాస్తులో పట్టా వివరాలు అడిగే ఒక్క గడి చాలు, పొలం పనంతా తానే చేస్తున్నా భూమి భర్త పేరిట ఉన్న మహిళ అనర్హురాలు కావడానికి. ఇటువంటి షరతులను ముసాయిదా దశలోనే గుర్తించేందుకు మీరు వాడిన ప్రశ్నావళి ఏదైనా ఉంటే, అసంపూర్ణమైనదైనా సరే, దయచేసి పంచుకోండి.