పోలో జీటీ నుంచి ఐ20 ఎన్ లైన్‌కి మారాను: ముందు ఏం మార్చాలి?

విశాఖ టర్బో:

అందరికీ నమస్కారం. నా 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ అమ్మేసి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ తీసుకున్నాను. ఎన్8 వేరియంట్, థండర్ బ్లూ రంగు, 6 గేర్ల మాన్యువల్. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ అయింది, మొదటి సర్వీసూ అయింది. మార్పులకని ఒక లక్ష రూపాయలు పక్కన పెట్టుకున్నాను. స్టిక్కర్లకీ, రంగు లైట్లకీ కాదు. బండి నడిచే తీరు మెరుగవ్వాలి, నాకు కావలసింది అదే.

పాత బండి గురించి కొంత చెప్తేగానీ నా ప్రశ్న అర్థం కాదు. పోలోది 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 105 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం), 7 గేర్ల డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు. వారంటీ అయిపోయాక రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించాను. 185/60 ఆర్15 టైర్లు తీసి కాస్త వెడల్పైన 195/60 ఆర్15 వేయించాను. ఇంకేమీ ముట్టుకోలేదు. డోరు వేస్తే వచ్చే ఆ చప్పుడు, హైవే మీద స్టీరింగ్ బరువు... ఇప్పటికీ ఎక్కడైనా పోలో కనబడితే తల తిప్పి చూస్తాను. ఏ రోజూ నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు.

మరి ఎందుకు అమ్మావంటే, నాకు మళ్లీ క్లచ్ పెడల్ కావాలనిపించింది. ఎన్ లైన్ 2021లో వచ్చినప్పుడు ఐఎంటీ ఇచ్చారు: గేర్ లివర్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. నాకది నచ్చలేదు. 2023 సెప్టెంబర్‌లో దాన్ని తీసేసి మామూలు మాన్యువల్ పెట్టారు. ఆ రోజే మనసు పడింది. 998 సీసీ, మూడు సిలిండర్లు, 120 పీఎస్, 172 ఎన్‌ఎం. నాలుగు చక్రాలకీ డిస్కులే. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక ఇది లాగే తీరు చూస్తే లీటరు ఇంజిన్ అంటే నమ్మబుద్ధి కాదు. సైలెన్సర్ శబ్దం కంపెనీ ఇచ్చిందే నాకు చాలా ఇష్టం, దాని జోలికి వెళ్లను.

రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లి వస్తాను. ఆ ట్రాఫిక్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా అరకు ఘాట్‌లో. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతున్నప్పుడు హెయిర్‌పిన్ మలుపులో మూడో గేరు మీద 1,500 దగ్గరికి పడిపోతే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఒక క్షణం ఏమీ జరగదు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో సామాను ఉంటే ఆ క్షణం ఇంకా పెరుగుతుంది. వెనకాల బస్సు ఉంటే టెన్షన్. పోలోలో ఇది నాకు ఎప్పుడూ తెలియలేదు. ఇంకొకటి, వానల్లో కాఫీ తోటల దగ్గర రోడ్డు తడిగా, ఆకులతో ఉంటుంది కదా, అక్కడ మలుపులో బండి ముందు భాగం కొద్దిగా బయటికి పోతున్నట్టు ఉంది. దిగేటప్పుడు బ్రేకుల మీద కూడా ఇంకాస్త నమ్మకం కావాలి.

ఇక్కడ ఒక వర్క్‌షాప్ వాళ్లు పవర్ పెంచే ట్యూనింగ్ బాక్సు, ఎయిర్ ఫిల్టర్, ఎత్తు తగ్గించే స్ప్రింగులు కలిపి నా బడ్జెట్‌లో చేస్తామంటున్నారు. ఘాట్‌లు బాగా నడిపినవాళ్లు చెప్పండి, ఇది సరైన వరసేనా?

నల్లమల మాన్యువల్:

బ్రదర్, ట్యూనింగ్ బాక్సు సంగతి కాసేపు వదిలేయండి. హెయిర్‌పిన్‌లో మూడో గేరు ఎందుకు? రెండో గేరులోకి రండి.

చిన్న విషయం అనుకోకండి. పోలోలో మీరు కాలు తొక్కగానే డీఎస్‌జీ తనే ఒకటో రెండో గేర్లు దించేసేది. ఇంజిన్ 3,000 మీదికి వెళ్లిపోయేది. మీకు అనిపించిన ఆ బలంలో సగం గేర్‌బాక్సుది. ఇప్పుడు ఆ పని మీ ఎడమ చేతిది. పైగా టర్బో ఊపందుకునే లోపు ఇంజిన్ తన సొంత సైజు మీదే లాగాలి. అక్కడ మీకు 1,197 సీసీ పోయి 998 వచ్చింది. ఆ 200 సీసీ తేడా సరిగ్గా 1,500 దగ్గరే తెలుస్తుంది.

నా దగ్గర కూడా ఇదే ఇంజిన్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఘాట్ తరచూ వెళ్తాను. మలుపుకి ముందే, బండి ఇంకా నిటారుగా ఉండగానే బ్రేక్ వేసి, రెండో గేరులోకి వచ్చి, సుమారు 2,500 ఉంచుకుని మలుపు తిరగండి. మీరు చెప్పే ఆ ఖాళీ క్షణం ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) టర్బో ఇంజిన్లకి పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వడం అస్సలు మంచిది కాదు. ఆ స్థితిలో సిలిండర్‌లోని నూనె, పెట్రోలు తుంపరలు స్పార్క్ రాకముందే అంటుకోవచ్చు. దాన్నే ఎల్‌ఎస్‌పీఐ అంటారు. గట్టిగా వస్తే పిస్టన్ పగిలిపోతుంది. ఇంజిన్ ఆయిల్‌లో ఏపీఐ ఎస్‌పీ గ్రేడు 2020లో వచ్చింది, అది పరీక్షించే అంశాల్లో ఇదొకటి. ఇక ట్యూనింగ్ బాక్సు చేసే పని ఏమిటి? టర్బో ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువగా ఉందని ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, చెప్తుంది, ఈసీయూ ఇంకా ప్రెషర్ పెంచుతుంది. మీరు 1,500లో కాలు తొక్కే అలవాటుతోనే బాక్సు కూడా పెట్టించారంటే ఇంజిన్‌ని అడిగి మరీ ఇబ్బంది పెట్టినట్టు.

మీ లక్షలో మొదటి ఖర్చు టైర్లకి. తడి రోడ్డు మీద ముందు భాగం బయటికి పోతోందంటే అది పట్టు సమస్య. ఎక్కువ పవర్ ఇస్తే ముందు చక్రాలు ఇంకా జారతాయి. నేను 205/55 ఆర్16 వేశాను, చాలా సంతోషంగా ఉన్నాను.

రెండోది బ్రేక్ ఆయిల్. మీరు సముద్రం పక్కన ఉన్నారు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155. ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కితే ఆయిల్‌లో ఆవిరి పుట్టి పెడల్ మెత్తబడేది అందుకే. రెండేళ్లకోసారి మార్పించండి, ప్యాడ్లు ఇంకాస్త వేడి తట్టుకునేవి వేయించండి. వీటికి పెద్ద ఖర్చు లేదు. దిగేటప్పుడు కూడా రెండో గేరే.

స్ప్రింగులు వద్దు. ఎన్ లైన్ సస్పెన్షన్ మామూలు ఐ20 కంటే ఇప్పటికే గట్టి. ఇంకా కిందికి దించితే ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లు అడుగున తగులుతాయి. అయిదుగురితో ఘాట్ ఎక్కితే వెనక సస్పెన్షన్‌కి కదలడానికి చోటే మిగలదు.

బెజవాడ సర్వేయర్:

నేను ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తుంటాను, కాబట్టి కాగితాల వైపు నుంచి రెండు మాటలు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ విశాఖ పోలీసులు సైలెన్సర్లు బీచ్ రోడ్డు మీద పోసి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియో అందరూ చూసే ఉంటారు. మీరు సైలెన్సర్ జోలికి వెళ్లననడం చాలా మంచి నిర్ణయం.

పోలీసులకంటే నాకు ఎక్కువ కంగారు క్లెయిమ్ గురించి. బండి ప్రమాదంలో పడి వర్క్‌షాప్‌కి వచ్చిందనుకోండి, బానెట్ ఎత్తగానే మాకు ముందు కనబడేవి ఇలాంటి బాక్సులే. పాలసీ తీసుకున్నప్పుడు చెప్పని మార్పు ఉందంటే అక్కడి నుంచి ఉత్తరాలు మొదలవుతాయి. ఆ ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉంటాడు, ఇక్కడ క్లెయిమ్ నెలల తరబడి నలుగుతుంది. అది చూసి చూసి చెప్తున్నాను. మీ బండికి ఇంకా కంపెనీ వారంటీ ఉంది, 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

నల్లమల గారితో ఒక్కచోట నేను ఏకీభవించను. టైరు సైజు కూడా కంపెనీ ఇచ్చిన 195/55 ఆర్16లోనే ఉంచండి. అదే సైజులో మెరుగైన టైరు వేస్తే ఎవరూ ఏమీ అడగలేరు.

విశాఖ టర్బో:

అన్నా, చాలా థ్యాంక్స్. ఆదివారం పొద్దున్నే ఒక్కడినే అనంతగిరి దాకా వెళ్లి వచ్చాను. నల్లమల అన్న చెప్పినట్టు ప్రతి హెయిర్‌పిన్‌కి ముందే రెండో గేరులోకి వచ్చాను. తేడా నిజంగా ఉంది. టైడా దాటాక వచ్చే ఎక్కుడులో బండి ఎక్కడా ఆగలేదు, కాలు కదిపితే కదిలింది. క్లచ్ పెడల్ కోసమే ఈ బండి కొన్నవాణ్ణి, ఆ పెడల్‌తో పని ఇంత ఉందని తెలిసి సంతోషం వేసింది. మా ఆవిడతో, పిల్లలతో, సామానుతో వెళ్లినప్పుడు మళ్లీ చూస్తాను.

టైరు సైజు మాత్రం తేలలేదు. నల్లమల అన్నా, 205/55 వేశాక ఎక్కుడులో పికప్ తగ్గినట్టు అనిపించిందా?

నల్లమల మాన్యువల్:

కొద్దిగా తగ్గింది, నిజమే. నేను ఎక్కువగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద, సాగర్ రోడ్డు మీద తిరుగుతాను కాబట్టి నాకు పట్టింపు లేదు. గుంతల మీద ఆ టైరు మెత్తగా ఉంటుంది, నాకు అదే కావాలి. మీది పూర్తిగా ఘాట్ వాడకం. సర్వేయర్ గారి మాట మీకు సరిపోతుంది. ఏ సైజు తీసుకున్నా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) కంపెనీ టైరు కంటే తగ్గకుండా చూసుకోండి. తడి రోడ్డు పట్టు గురించి అడిగి కొనండి, మైలేజీ గురించి కాదు.

జర్మనీ జీటీఐ:

నేను బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటాను, మాది తుని. పాత ఐదో తరం గోల్ఫ్ జీటీఐ ఇచ్చేసి ఎనిమిదో తరం తీసుకున్నాను, 200 పీఎస్ నుంచి 245కి. విశాఖ టర్బో గారి ప్రశ్న చదువుతుంటే అచ్చం నా మనసులో ఉన్నదే అనిపించింది.

ఇక్కడ ట్యూనింగ్‌కి దారి ఉంది, కానీ కాగితం ఉండాలి. స్ప్రింగులు మారిస్తే టీయూవీ లాంటి సంస్థ ఇంజినీరు బండిని చూసి, వాటిని పత్రాల్లో ఎక్కించాలి. కొన్ని విడిభాగాలకి ముందే ఆమోదపత్రం వస్తుంది, దాన్ని బండిలో పెట్టుకుని తిరగాలి. అవి లేకుండా మారిస్తే బండికి రోడ్డు మీద తిరిగే అనుమతే పోవచ్చు. మన దగ్గర కూడా అలాంటి సక్రమమైన దారి ఒకటి ఉంటే ఎంత బాగుండేదో! ఇష్టం ఉన్నవాళ్లు దొంగచాటుగా చేయించుకోవాల్సిన అవసరం ఉండదు.

ఒక్క సలహా. కొత్త బండిని పాత బండిలా చేయాలని చూడకండి. పాత జీటీఐ స్టీరింగ్ కోసం నేను చాలా రోజులు వెతుక్కున్నాను. కొత్తదాంట్లో ముందు చక్రాల మధ్య లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఇస్తే బండి లోపలికి లాగుతుంది. పాత పద్ధతిలో నడిపినన్నాళ్లూ ఆ గుణం నాకు దొరకలేదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నడపండి. అప్పుడు ఏది కావాలో బండే చూపిస్తుంది. వేగం కావాలనిపిస్తే చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ ట్రాక్‌కి వెళ్లండి, ఘాట్‌లో మాత్రం వద్దు.

విశాఖ టర్బో:

కూర్చుని లెక్క వేశాను. 195/55 ఆర్16 ఎత్తు 621 మిల్లీమీటర్లు, 205/55 ఆర్16 ఎత్తు 632. అంటే చక్రం 1.8 శాతం పెద్దదవుతుంది, ప్రతి గేరూ అంత పొడవవుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో లాగడం లేదని వచ్చినవాణ్ణి, దాన్ని ఇంకా తగ్గించే టైరు నాకెందుకు? కంపెనీ సైజులోనే, తడి రోడ్డు మీద పట్టు బాగుండే టైర్లు నాలుగు తీసుకుంటున్నాను. షాపులో అడిగితే 40 వేల లోపు చెప్పారు.

వాటితోపాటు బ్రేక్ ఆయిల్, ముందు ప్యాడ్లు. ఎయిర్ ఫిల్టర్ కంపెనీదే ఉంటుంది. బాక్సు, స్ప్రింగులు వద్దని వర్క్‌షాప్ వాళ్లకి చెప్పేశాను. మిగిలిన డబ్బులో కొంత అడుగు భాగం తుప్పు పట్టకుండా కోటింగ్‌కి వాడతాను. భీమిలి రోడ్డు ఉప్పు గాలి పోలో కింద ఏం చేసిందో అమ్మేటప్పుడు లిఫ్ట్ మీద చూశాను. విశాఖలో హాట్ హ్యాచ్ (ఇలాంటి చురుకైన చిన్న కారు) కొనేవాళ్లు ఈ పని అన్నిటికంటే ముందు చేయించాలి, నా ఉద్దేశంలో రీమ్యాప్ కంటే ఇది ముఖ్యం. మిగిలినదాంతో ట్రాక్ డే. సర్వేయర్ గారూ, మామూలు పాలసీ ట్రాక్ మీద జరిగినదానికి వర్తించదనే అనుకుంటున్నాను, వెళ్లే ముందు మిమ్మల్ని అడుగుతాను.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. మధురవాడ, ఎంవీపీ కాలనీ వైపు వీల్ అలైన్‌మెంట్ శ్రద్ధగా చేసి, రీడింగుల ప్రింట్ చేతికిచ్చే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టైర్లు వేసిన రోజే చేయించాలి.