రోమనెస్క్ కేథడ్రల్‌లు లోపల అంత మసకగా ఎందుకుంటాయి?

బరంపురం పాఠకుడు:
మన కళింగ గుళ్ళలో శిల్పమంతా బయటి గోడలమీదే ఉంటుంది. గర్భగుడి నిరాడంబరంగా, చీకటిగా ఉంటుంది. రోమనెస్క్ అనే 11, 12 శతాబ్దాల శైలిలో కట్టిన యూరప్ కేథడ్రల్‌ల (బిషప్ ఉండే పెద్ద చర్చిల) ఫొటోల్లోనూ లోపల లావుపాటి స్తంభాలు, చిన్న కిటికీలు, వట్టి రాయే కనిపిస్తున్నాయి. ఇది భక్తికోసం కోరి చేసిందా, కట్టడపు అవసరమా? తెలిసినవారు వివరించగలరు.

జయపురం ఇంజనీరు:
ప్రధాన కారణం కప్పు. చెక్క కప్పులకు నిప్పంటుకునే భయం ఉండటం వల్ల చాలాచోట్ల రాతి కప్పులకు మళ్ళారు. మన గుళ్ళలో రాయిమీద రాయిని కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ కప్పు మూస్తారు గనుక బరువు దాదాపు నిట్టనిలువునా దిగుతుంది. కమాను అలా కాదు, గోడలను బయటికి తోస్తుంది. పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టుండే కప్పయితే గోడ పొడవునా తోస్తుంది కాబట్టి గోడ మందంగా ఉండాలి, కిటికీ చిన్నదిగా ఉండాలి. స్పెయిన్‌లో 1075లో మొదలుపెట్టిన సాంటియాగో కేథడ్రల్‌లో పక్క నడవలపై మేడలు కట్టి, వాటి పావువృత్తపు కప్పులతో ఆ తోపును ఆపారు. దాంతో మధ్య నడవకు పైకిటికీలు పెట్టే చోటే లేకపోయింది.

జర్మనీలోని స్పెయర్ కేథడ్రల్ మరింత ఆసక్తికరం. 1061లో ప్రతిష్ఠ జరిగేనాటికి మధ్య నడవకు చదునైన చెక్క కప్పే ఉండేది. జర్మన్ చక్రవర్తి నాల్గవ హెన్రీ హయాంలో, 1080ల నుంచి, బరువును నాలుగు మూలలకు చేర్చే రాతి కప్పు వేయడానికి ఒకటి విడిచి ఒకటిగా స్తంభాలను లావు చేశారు. ఆ వరుస చూస్తే కప్పు ఎక్కడ కాలు మోపిందో ఈనాటికీ తెలిసిపోతుంది. మూలల మధ్య గోడకు భారం తగ్గడంతో పైకిటికీలు నిలిచాయి.

పర్లాకిమిడి మాస్టారు:
ఇంజనీరు గారి మాట సబబే కాని, వట్టి రాయి అన్నదానితో నేను ఏకీభవించను. ఆనాడు చాలా గోడలకు సున్నపు పూత, రంగు బొమ్మలు ఉండేవి. కాలక్రమంలో అవి రాలిపోయాయి, గీకివేయబడ్డాయి. ఫ్రాన్స్‌లో సెయింట్ సావిన్ మఠపు చర్చి కప్పుమీద బైబిలు కథల చిత్రాలు ఇంకా మిగిలి ఉన్నాయి. శిల్పమూ తక్కువేమీ కాదు. ఓటన్‌లోని ఒక స్తంభపు తలపై శిశువు యేసును చూడవచ్చిన ముగ్గురు రాజులు ఒకే దుప్పటి కింద పడుకుని ఉంటారు. దేవదూత వేలితో ఒకరి చేతిని తాకుతాడు, ఆయన ఒక్కరే కళ్ళు తెరుస్తారు.

బరంపురం పాఠకుడు:
ధన్యవాదాలు మాస్టారూ. మరి ఇంగ్లండులోని డర్హమ్ ఏ కోవకు చెందుతుంది?

జయపురం ఇంజనీరు:
1093లో మొదలై 1133కల్లా ప్రధాన నిర్మాణం ముగిసిన ఆ కేథడ్రల్‌లో గుండ్రటి స్తంభాలమీద వంకీలు, గళ్ళు లోతుగా చెక్కారు. కప్పుకు మాత్రం రాతి పట్టీలు ఏటవాలుగా వేసి, వాటి మధ్య ఖాళీలను పూడ్చారు. తరువాత వచ్చిన, కోసు కమానుల గోతిక్ శైలి చర్చిలు పట్టుకున్నది ఆ పద్ధతినే.