పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు కొత్త కంప్యూటర్‌లో ఎక్కించాలా, వదిలేయాలా?

శుభలేఖల_షాపు:
మా విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఇవాళో రేపో అన్నట్టుంది. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లలో తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, పదిహేనేళ్ల కార్డులు అన్నీ అందులోనే ఉన్నాయి. ప్రోగ్రామ్ ఫోల్డర్లు విండోస్ 11లోకి కాపీ చేస్తే ఏదీ తెరుచుకోలేదు, వర్డ్‌లో దాచిన మ్యాటరేమో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా వస్తోంది. ఏం చేయమంటారు?

యూనికోడ్_అభిమాని:
వదిలేసి, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌కి మారండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, 2004లోనే అడోబీ దాన్ని ఆపేసింది. అను ఫాంట్‌లో మీకు కనిపించే 'క' కంప్యూటర్‌కి 'క' కాదు, ఏదో ఇంగ్లీషు గుర్తుకి తొడిగిన బొమ్మ, అందుకే ఫాంట్ లేనిచోట గజిబిజి. అందులో పెళ్లికూతురి పేరు తెలుగులో కొట్టి వెతికినా దొరకదు. ఇంకెన్నాళ్లు ఇలా?

పాత_డీటీపీ:
అన్నా, మారమనడం తేలికే. "మా పెద్దమ్మాయికి వేసిన కార్డే, పేర్లు మార్చి రేపటికల్లా ఇవ్వండి" అంటూ వచ్చినవాళ్లకి ఏం చెప్పాలి? అను మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే 'లక్ష్మి'లో మ వత్తు ఎగిరిపోయింది, ప్రూఫ్‌లో చూసుకోకపోతే నా పరువు పోయేది.

షాపు గారూ, ఫోల్డర్ కాపీ చేస్తే పని జరగదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టా) రాసుకున్నవి, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో పడ్డవి పాత సిస్టమ్‌లోనే ఉండిపోతాయి. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వేసి, అందులో ఎక్స్‌పీ, దాని మీద మీ అసలు సీడీల నుంచే రెండూ ఎక్కించండి. దానికి నెట్ మాత్రం ఇవ్వొద్దు, 2014 ఏప్రిల్‌తో ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌తో తెచ్చుకోండి.

యూనికోడ్_అభిమాని:
పాత కార్డులకి సరే, ఒప్పుకుంటాను. కొత్త కార్డు కూడా అందులోనే చేస్తే ఇంకో పదేళ్లకి ఇదే గోల కదా! పేజ్‌మేకర్ బదులు అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే వత్తులు చెదరవు. పేజ్‌మేకర్ ఫైళ్లు ఇన్‌డిజైన్ పాత వెర్షన్ సీఎస్6లో తెరుచుకుంటాయి కూడా.

పాత_డీటీపీ:
తెరుచుకుంటాయి, లోపలి అక్షరాలు మాత్రం అను కోడ్‌లోనే ఉంటాయి.

శుభలేఖల_షాపు:
రెండ్రోజులు కూర్చుని వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించాను. 2011 నాటి కార్డు తెరిస్తే 'చి.ల.సౌ.' దగ్గర చుక్కతో సహా సరిగ్గా వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. టైపు చేస్తే మాత్రం ఒకటి కొడితే ఇంకోటి పడింది, చూస్తే అనులో కీబోర్డు లేఅవుట్ నాకు అలవాటైన 'యాపిల్'లో లేదు, అది మార్చాక చేతులు వాటంతటవే నడిచాయి. కొత్త ఆర్డర్లు సంక్రాంతి తర్వాత యూనికోడ్‌లో మొదలుపెడతాను, ముందు మా అబ్బాయి చేత పాతవన్నీ పీడీఎఫ్ చేయిస్తున్నా.