షాడే బృందం మౌనం వీడినట్టేనా?

ప్రశ్న: 2010లో ‘సోల్జర్ ఆఫ్ లవ్’ ఆల్బమ్ వెలువడిన తరువాత బ్రిటిష్ సంగీత బృందం షాడే కొన్ని విడి పాటలను మాత్రమే ఇచ్చింది. దీన్ని పునరాగమనం అనవచ్చునా?

జవాబు 1: నా దృష్టిలో అనవచ్చు. 2018లో రెండు సినిమాలకు చెరొక పాట ఇచ్చారు. 2024లో ఒక సంకలనం కోసం విడుదల చేసిన ‘యంగ్ లయన్’లో, ట్రాన్స్‌జెండర్ అయిన కుమారుడి వేదనను ముందే గ్రహించలేకపోయిన తల్లి, గొంతు పెంచకుండానే, అతణ్ణి క్షమాపణ కోరుతుంది.

జవాబు 2: షాడే అనేది గాయని పేరే కాదు, బృందం పేరు కూడా (చాలామంది ఇక్కడే పొరబడతారు). మాథ్యూమన్ సాక్సఫోన్, డెన్‌మన్ బేస్ గిటార్, హేల్ కీబోర్డు 1980ల నుంచీ ఆమె గొంతుకు తోడుగా ఉన్నాయి.

జవాబు 3: 2000లో ‘లవర్స్ రాక్’ తరువాత కూడా పదేళ్లు ఆగారు, అయినా తదుపరి ఆల్బమ్ అమెరికాలో తొలి వారంలోనే 5 లక్షల ప్రతులు దాటింది. విరామం వారికి కొత్త కాదు.