1851 నేవీ రివాల్వర్‌లో తూటా సిలిండర్ బిగించాక ఏ గుండు వాడాలి?

కొత్తబావి_డాలస్:
అందరికీ నమస్కారం. ఇటలీలో తయారైన 1851 కోల్ట్ నేవీ నకలు ఒకటి నా దగ్గర ఉంది. ఉక్కు ఫ్రేము, .36 కొలత గొట్టం. మందు దట్టించి కాల్చే అసలు సిలిండర్ తీసేసి .38 స్పెషల్ తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ బిగించాను. దుకాణంలో దొరికే 158 గ్రెయిన్ల మెత్తని సీసపు గుండ్ల తూటాలను, పెట్టె మీద తక్కువ ఒత్తిడివని రాసి ఉన్నవే, పదిహేను గజాల దూరం నుంచి పన్నెండు కాల్చాను. అందులో అయిదు గుండ్లు కాగితాన్ని అడ్డంగా తాకాయి. గుండ్రటి చిల్లు పడవలసిన చోట, గుండు పక్కకు పడుకున్నట్టుగా పొడవాటి చిరుగు కనిపించింది. చేయి వణికితే గురి తప్పుతుంది గాని, గుండు పల్టీలు కొట్టదు కదా? ఇందులో తప్పు సిలిండర్‌దా, గుండుదా?

పాతఇనుము:
తప్పు గుండుది, అంతకంటే ఎక్కువగా ఆ తూటా పేరుది. .38 స్పెషల్ అన్న పేరే కానీ అందులోని గుండు అడ్డకొలత .357 లేదా .358 అంగుళం. గుండును తిప్పడానికి మీ నేవీ గొట్టంలోపల మెలికగా చెక్కిన గాడుల అడుగు నుంచి అడుగుకు కొలిస్తే ఇంచుమించు .375 ఉంటుంది. గాడులను పట్టుకోని గుండు తిరగదు, తిరగని గుండు తిన్నగా పోదు.

ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే 1869 దాకా వెనక్కి వెళ్ళాలి. తూటాను వెనుక నుంచి దూర్చేందుకు వీలుగా సిలిండర్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తొలిచే పద్ధతి మీద రోలిన్ వైట్‌కు 1855లో వచ్చిన పేటెంట్‌ను స్మిత్ అండ్ వెసన్ తన చేతిలో పెట్టుకుని, తుపాకీకి ఇరవై అయిదు సెంట్ల చొప్పున అతనికి చెల్లించింది. ఆ పేటెంట్ 1869లో ముగిశాకే కోల్ట్ తన దగ్గర మిగిలిపోయిన గొట్టాలను, ఫ్రేములను తన ఉద్యోగులైన రిచర్డ్స్, మేసన్‌ల పద్ధతుల్లో తూటాలకు మార్చగలిగింది. గొట్టం పాతది కనుక గుండు దానికి సరిపడేంత లావు ఉండాలి, ఇత్తడి గుల్ల సిలిండర్ గదిలో పట్టాలి. అందుకే గుండు వెనుక భాగాన్ని సన్నగా చెక్కి, ఆ మడమను మాత్రమే గుల్లలోకి దూర్చారు. గుండు బయటి కొలత, గుల్ల బయటి కొలత ఇంచుమించు ఒకటే. హీల్డ్ బుల్లెట్ అంటే ఇదే. మన పిల్లలు కాల్చే .22 లాంగ్ రైఫిల్ తూటా ఈనాటికీ ఇలాగే ఉంటుంది, ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. మీ గొట్టానికి తగినది మడమ గుండు ఒక్కటే. అచ్చు కొనుక్కుని మెత్తని సీసంతో మీరే పోసుకోండి.

శేషు_హ్యూస్టన్:
పాతఇనుము గారు చరిత్ర చక్కగా చెప్పారు, కానీ సగంలో ఆపేశారు. తరువాతి కాలంలో కోల్ట్ కంపెనీయే .38 లాంగ్ కోల్ట్ గుండును సన్నగా చేసి గుల్లలోపలికి నెట్టింది. గుండు తేలికగా జారడానికి బయట పూసే కొవ్వుకు దుమ్ము అంటుకునే బాధ అలా తప్పింది. అయితే సన్నని గుండు లావు గొట్టంలో ఎలా పనిచేస్తుంది? దాని అడుగును బోలుగా చేశారు. మందు మండినప్పుడు ఆ ఒత్తిడికి అడుగు అంచు గొడుగులా విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. ఇదే పని చేసే 148 గ్రెయిన్ల బోలు అడుగు వాడ్‌కట్టర్ (ముందు భాగం చదునుగా ఉండే) గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొలిమి అక్కరలేదు, అచ్చు అక్కరలేదు.

రెమింగ్టన్_బాబాయి:
నా 1858 రెమింగ్టన్ నకలులో .45 కోల్ట్ సిలిండర్ పెట్టి మామూలు .452 గుండ్లే వాడుతున్నాను, నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

శేషు_హ్యూస్టన్:
బాబాయి గారూ, మీది .44 నకలు, దాని గాడుల కొలత .452కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి మీకు ఈ చిక్కే లేదు. ఇక్కడి సమస్య .36 గొట్టానిది.

పాతఇనుము:
గొడుగులా విచ్చుకోవడం మీరు చెప్పినంత తేలిక కాదు. అది .358 నుంచి .375 దాకా, అంటే అంగుళంలో పదిహేడు వేలవ వంతులు విచ్చుకోవాలి. మందు చాలకపోతే విచ్చుకోదు, మందు ఎక్కువైతే ఆ పలుచని అంచు గుండు నుంచి తెగి గొట్టంలోనే ఉండిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు ఎంత ఇరుకో కొత్తవారికి చెప్పకుండా, పెట్టె కొనుక్కోండి అనడం బాధ్యత కాదు.

శేషు_హ్యూస్టన్:
పదిహేడు వేలవ వంతులంటే అర మిల్లీమీటరు కూడా లేదు. మీరు మాత్రం సిలిండర్ గది ముందు భాగాన్ని కొలవకుండానే మడమ గుండు కొనమంటున్నారు. .38 స్పెషల్ కోసం చేసిన గది ముందు వైపు మెట్టుతో సన్నబడితే .375 గుండు అందులో దూరనే దూరదు. నిలువునా ఒకే కొలతలో తొలిచిన గదికే మడమ గుండు పనికివస్తుంది. ఈ ముక్క మీ జవాబులో ఎక్కడా లేదు.

విజయవాడ_విని:
ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే ఇలాంటి తుపాకీని ముట్టుకునే వీలు లేదు కాబట్టి మేము చదివి ఆనందిస్తున్నాము, మీరు కానివ్వండి.

గొట్టంమార్చు:
మూడో దారి కూడా ఉంది. తుపాకీ పనివాడి చేత గొట్టంలోపల .357 కొలత గల కొత్త గొట్టం దించి అతికించుకుంటే దుకాణపు తూటాలన్నీ సరిపోతాయి.

పాతఇనుము:
అప్పుడు మిగిలేది నేవీ కాదు, నేవీ వేషం వేసిన మరో తుపాకీ.

శేషు_హ్యూస్టన్:
ఇదిగో, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. రెండేళ్ళ క్రితం ఇదే ప్రశ్న నేను అడిగినప్పుడు కూడా మీరు ఇదే మాట అన్నారు. మీ మాట మీద అచ్చు, మడమ గుండును నొక్కి బిగించే ప్రత్యేకమైన పనిముట్టు, సీసం కరిగించే కుండ కొన్నాను. తీరా చూస్తే ఒక్క గుండు కూడా నా సిలిండర్‌లోకి దిగలేదు. ఆ తరువాతి నెలలో మా అమ్మాయి పాకడం మొదలుపెట్టింది. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉన్నా పరవాలేదని చెప్పే వైద్యుడు ఎవరూ లేరు. గరాజులో సీసం కరిగించిన చేతులతో బిడ్డను ఎత్తుకోలేక ఆ సామగ్రి అంతా పెట్టెలో పెట్టి అటక మీద పడేశాను. మీ దృష్టిలో సొంతంగా గుండు పోసుకోనివాడికి ఈ తుపాకీ పట్టే అర్హత లేదు. కొలతల పేరుతో మీరు చేస్తున్నది వడపోత.

పాతఇనుము:
శేషు గారూ, మీ గది కొలత అడగకుండా చెప్పడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. వడపోత అన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఈ వేదికకు రాకముందు నేనూ బోలు అడుగు గుండునే అందరికీ చెప్పేవాడిని. నా మాట విని ఒక మిత్రుడు అవే గుండ్లు తెచ్చుకుని, కాగితం మీద కొంచెం కిందకు తగులుతున్నాయని పొగలేని మందు కాస్త పెంచి తూటాలు కట్టుకున్నాడు. నాలుగో గుండు కాగితం మీద పడింది గాని, దాని అంచు సీసపు ఉంగరంలా గొట్టంలోనే ఉండిపోయింది. మేమిద్దరమూ గమనించలేదు. అయిదో గుండుకు గొట్టం మధ్యలో ఉబ్బింది. గొట్టాన్ని పట్టి ఉంచే చీలను తట్టి తీసినా, సిలిండర్ తిరిగే కడ్డీ నుంచి గొట్టం ఊడి రాలేదు. మనిషికి ఏమీ కాలేదు. మడమ గుండు నాకు చరిత్ర మీద మోజుతో ఇష్టమైనది కాదు, తెగిపడే అంచు దానికి లేదు కనుక ఇష్టమైనది.

శేషు_హ్యూస్టన్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా అక్కడ గొట్టాన్ని పాడుచేసింది పెంచిన మందు. నేను చెప్పింది సొంతంగా కట్టుకునే తూటా కాదు, నెమ్మదిగా పోయేలా కట్టి పెట్టెలో అమ్మే తూటా.

పాతఇనుము:
మీరు చెప్పింది అదే. వినేవాడు ఆ రాత్రి గరాజులో ఏం చేస్తాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ముఖం తెలియనివారికి సులువైన జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు.

శేషు_హ్యూస్టన్:
కష్టమైన జవాబు విన్నవాడు ఇక్కడ మళ్ళీ అడగడు. ఎక్కడో ఇంతకంటే అధ్వాన్నమైనది విని వాడతాడు. నా భయం అది.

కొత్తబావి_డాలస్:
ఇద్దరూ చెప్పినవి చేసి చూశాను. మెత్తని సీసపు ఉండను చెక్క పుల్లతో గొట్టంలో నెట్టి కొలిస్తే .375 తేలింది. సిలిండర్ గది ముందు భాగం .359 మాత్రమే ఉంది కనుక మడమ గుండు నాకు కుదరదు. బోలు అడుగు గుండ్ల తూటాలు ఒక పెట్టె కొని, మందు జోలికి పోకుండా, ఉన్నవి ఉన్నట్టుగా నిన్న పన్నెండు కాల్చాను. పన్నెండూ గుండ్రటి చిల్లులే పడ్డాయి. అయితే అన్నీ గురిపెట్టిన చోటికి జానెడు ఎత్తున పడ్డాయి.

రెమింగ్టన్_బాబాయి:
పాత కోల్ట్‌ల వెనుక గురి సుత్తి మీది గాడిలో ఉంటుంది కనుక దగ్గరి దూరంలో అవి ఎత్తుకే కొడతాయి, అది గుండు తప్పు కాదు.

పాతఇనుము:
ఎత్తు సంగతి తరువాత చూద్దాము. ప్రతి గుండు తరువాతా గొట్టంలోకి చూశారా?

కొత్తబావి_డాలస్:
మొదటి ఆరింటికీ ప్రతిసారీ తుపాకీ ఖాళీ చేసి, చీల తీసి, గొట్టం ఊడదీసి వెలుతురుకు ఎత్తి చూశాను. తరువాత చీకటి పడుతోందని చూడలేదు.

పాతఇనుము:
ఇప్పుడు చూడండి.